గాజు పెట్టెలో తలంబ్రాలు

పోయినవారం నన్ను నేను సాయిమా కుర్చీ వెనక, చేతిలో టీ గ్లాసుతో, నోట్లో ఒక మాటతో నిలబెట్టి వదిలేశాను. ఆ మాట బయటికి వచ్చిందా లేదా అన్నదే ఈ వారం కథ. రాలేదు. ముందే చెప్పేస్తున్నాను, నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు దేవిశ్రీ. చోడవరంలో ఫణిశ్రీనివాస్ గారి ఫొటో స్టూడియో మేడమీద గదిలో పదేళ్లుగా మిక్సింగ్ చేస్తున్నాను. అంటే పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, పూలు రాల్చి, పెళ్లికూతురి తల్లి చేత కళ్లు తుడిపించే పని. ఆ గదిలో రెండు సిస్టాలు. కిటికీ పక్కనున్న పెద్దది నాది. గోడవైపు చిన్నది రెండు నెలల కిందటి దాకా దుమ్ము తింటూ పడి ఉండేది. ఇప్పుడు దాని ముందు సాయిమా కూర్చుంటోంది. ఇరవై రెండేళ్ల పిల్ల, అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది.

ఆ పిల్లంటే నాకు కుళ్లు. ఇంకో మాట వెతకను. నేను పాట ఒకటి కట్ చేసేలోపు అది రెండు కట్ చేస్తుంది. పదేళ్లలో నా పని చూసి "బానే ఉంది" తప్ప ఇంకో మాట అనని ఫణి గారు దాని పని చూసి "అదిరింది" అంటారు. గదిలో ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యాను. చిన్న సిస్టం వేడెక్కిపోతోందని దాన్ని అటు తిప్పి, తిరక్కుండా బిగించేశారు. సిస్టానికే లెండి ఆ గాలి. కానీ దాని ముందు కూర్చున్న మనిషి జుట్టు కూడా ఎగురుతూ ఉంటుంది కదా, అది చూస్తూ నేను చెమటలు తుడుచుకోవాలి.

ఇక కె.కోటపాడు వాళ్ల పెళ్లి. పెళ్లికూతురు శ్రీరంజని. రెండు రోజుల కిందట ముహూర్తం, ఇవాళ సాయంత్రం ఏడింటికి చోడవరంలోనే రిసెప్షన్. స్టేజీ వెనక పెద్ద ఎల్ఈడీ తెర కట్టించారు. దాని మీద అయిదు నిమిషాల పెళ్లి సినిమా వెయ్యాలి. పదేళ్లలో మొదటిసారి అంత పెద్ద పని నాకు రాకుండా సాయిమాకి వెళ్లింది. పైగా ఫణి గారు ఒక మాట వదిలారు.

"ఈ రిసెప్షన్ అయ్యేక సూద్దాం దేవీ, పెద్ద సిస్టం మీద ఎవరు కూచుంటే బాగుంటాదో."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఇంతకీ ఇవాళ పొద్దున పదకొండింటికి టీ గ్లాసుతో దాని వెనక నిలబడి నేను చూసింది ఏమిటంటే, ఒక గీత.

సినిమాలో అసలు ముక్క తలంబ్రాలది. శ్రీరంజని దోసిలి నిండా తలంబ్రాలు పట్టుకుని చేతులు పైకెత్తుతుంది. ఆ దోసిలిలోంచి బంగారు గింజలు లేచి చెదిరిపోతాయి. ఆ బంగారు గింజల గ్రాఫిక్సు ఈ చుట్టుపక్కల పేరున్నది. రావికమతం నుంచి రోలుగుంట దాకా ఎవరి పెళ్లి వీడియో వేసినా అందులో అది ఉండాల్సిందే. జనం దాన్ని 'దేవి తలంబ్రాలు' అంటారు. నా పేరే. నా కుర్చీ, నా జీతం, నా మర్యాద అన్నీ ఆ గింజల మీద నిలబడ్డాయి.

నేనెప్పుడూ వాటిని తెర నిండా వేసేదాన్ని. గింజలు మధ్యలో లేచి నాలుగు వైపులా తెర దాటి పోయేవి. సాయిమా అలా చెయ్యలేదు. వాటిని మూడోవంతుకు తగ్గించి, సరిగ్గా శ్రీరంజని దోసిలి మీద కూర్చోబెట్టింది. దోసిలిలోంచే లేచినట్టున్నాయి. ఇంత తేలిక సంగతి పదేళ్లలో నాకెందుకు తట్టలేదని ఒళ్లు మండింది.

కానీ బొమ్మని తగ్గిస్తే దాని అంచులు కూడా లోపలికొస్తాయి. ఇదివరకు తెర బయటికి పోయి మాయమైన గింజలు ఇప్పుడు తెర మధ్యలోనే, కనపడని చట్రం దగ్గర, కత్తితో కోసినట్టు తెగిపోతున్నాయి. కుడివైపు నిలువుగా ఒక గీత, పైన అడ్డంగా ఒకటి. చిన్న సిస్టం మానిటర్ పాతది, వెలుగు తక్కువ. పైగా పెళ్లికూతురి వెనక అంతా పసుపుపచ్చ బంతిపూల తెర. బంతిపూల మీద బంగారు గింజ తెగితే ఎవరికి ఆనుతుంది? పదేళ్లు ఈ పని చేసిన దానికి ఆనింది. పన్నెండడుగుల ఎత్తు ఎల్ఈడీ మీద పడితే ఊరందరికీ ఆనుతుంది.

"బాగుందా అక్కా?" వెనక్కి తిరగకుండానే అడిగింది సాయిమా.

ఇదిగో, సరిగ్గా ఇక్కడ ఆ మాట చెప్పాలి. 'అంచు తెగుతోంది చూడమ్మా' అనాలి. మూడు ముక్కలు.

"బానే ఉంది," అన్నాను.

"ఒకటి అడగనా అక్కా? ఈ గింజకి మధ్యలో చిల్లు ఎందుకు పెట్టేరు?"

"చిల్లేటి?"

"పెద్దది చేసి సూస్తే తెలుస్తాది." ఒక్క గింజని తెర నిండా పెంచి చూపించింది. నిజమే, నడిమధ్య సూదిమొన అంత చిల్లు. పదేళ్లలో నేను చూడనే లేదు. "తలంబ్రాల గింజకి చిల్లుండదు కదా. మా అమ్మీ మగ్గం మీద కుడతాది, ఆ చమ్కీల్లాగున్నాయి."

"స్టైలు కోసం పెట్టేను," అన్నాను.

"అబ్బ! నాకైతే ఎప్పుడూ తట్టదక్కా," అని నోటుబుక్కులో రాసుకుంది. ఏం రాసుకుందో ఆ అల్లాకే తెలియాలి. ఆ నమ్మకం చూసి నాకు సిగ్గు వెయ్యాలి. వెయ్యలేదు, ఇంకా మండింది.

"ఇయ్యాల మా అన్న వస్తన్నాడక్కా. ఆరున్నరకి మండపం దగ్గరికే రమ్మన్నాను, నా పని సూపిద్దామని. తనూ ఒకప్పుడు మిక్సింగే చేసేవోడు. మానేసేడు."

నేను సరిగ్గా వినలేదు. నా ధ్యాసంతా ఆ గీత మీదే ఉంది. మధ్యాహ్నం ట్రయల్లో అది ఎల్ఈడీ మీద పడుతుంది, ఫణి గారు చూస్తారు, ఆ 'అదిరింది' అన్న మాట వెనక్కి తీసుకుంటారు. గ్లాసు కింద పెట్టి నా కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాను. పని ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాను, కుర్చీ నాదే కదా అని.

మూడింటికి మండపంలో ట్రయలు.

పెళ్లికూతురి తల్లి లక్ష్మీసుందరి గారు ముందు వరస కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఫణి గారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. సాయిమా లాప్‌టాప్ దగ్గర ఉంది. నేను కాస్త వెనగ్గా, మంచి చోటు చూసుకుని నిలబడ్డాను. సినిమాకి వెళ్లినా అంత మంచి చోటు వెతుక్కోను.

సినిమా మొదలైంది. బాగుందని ఒప్పుకుంటాను. ఊరేగింపు, జీలకర్రబెల్లం, శ్రీరంజని నవ్వు. లక్ష్మీసుందరి గారు చీర కొంగు కళ్లకి అద్దుకున్నారు. తలంబ్రాలు వచ్చాయి. దోసిలి పైకి లేచింది. గింజలు ఎగిరాయి. ఎగిరి, అందరి కళ్లముందూ, గాలిలో గోడకి కొట్టుకున్నట్టు తెగిపోయాయి. ఎల్ఈడీ మీద ఆ గీతలు ఎలా ఉన్నాయంటే, పైన అడ్డగీతకి స్కేలు పెట్టి కొలవచ్చు.

"ఆపండి బాబూ," అన్నారు లక్ష్మీసుందరి గారు. కొంగు కిందికి దిగింది. "ఏటిది? గింజలు ఎగిరి దేనికో తగిలి మాయమైపోతన్నాయి. మా గుంటని గాజు పెట్టెలో పెట్టేరేటి?"

కుర్చీలు సర్దుతున్నవాళ్లు పకపకా నవ్వారు. ఫణి గారి మొహం మాడిపోయింది. ఆ క్షణం ఎంత హాయిగా ఉందో దాచుకుంటే ఈ కథ రాయడం దేనికి? ముందుకొచ్చి, గొంతులో జాలి కూడా కలిపి అన్నాను:

"చిన్నపిల్ల కదండీ, కొత్త. పెద్ద తెర అలవాటు లేదు."

నా మాట పూర్తయ్యేసరికి సాయిమా కంగారులో ఆపబోయి ముందుకి జరిపేసినట్టుంది, సినిమా చివరికి వెళ్లిపోయింది. నల్లటి తెర మీద నాకంటే ఎత్తు అక్షరాలు వెలిగాయి.

'తలంబ్రాల గ్రాఫిక్స్: దేవిశ్రీ.'

నా పేరు అంత పెద్దగా చూసుకోవాలని ఎన్నాళ్ల కోరికో. తీరింది.

లక్ష్మీసుందరి గారు కళ్లజోడు సర్దుకుని తెర చూశారు, నన్ను చూశారు. "నువ్వేనా దేవిశ్రీవి? మా పెద్దమ్మాయి పెళ్లికీ నువ్వే చేసేవు కదా. అప్పుడు బాగుందమ్మా. ఇప్పుడేటయ్యింది నీకు?"

"తప్పు నాది మేడమ్," సాయిమా గబగబా అంది. "అక్క చేసింది బాగానే ఉంది, నేనే చిన్నది చేసేను. ఏడింటిలోపు సరిచేసేస్తాను."

చూశారా? తప్పు కూడా తనే తీసుకుంది. అది కూడా నాకు మిగల్చలేదు.

నాలుగింటికి మళ్లీ మేడమీద గదిలో ఉన్నాం. ఫణి గారు కూర్చోలేదు, గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఏటి సెయ్యాలో సెప్పండి."

సాయిమా అంచులు మెత్తబడేలా చేసి చూసింది. గీత పోయింది గాని, గింజలు కూడా పోయాయి. దోసిలి చుట్టూ పసుపు పొగలా మిగిలింది, దానికి బదులు సాంబ్రాణి వెయ్యొచ్చు. నేను గీత మీద పూలదండ వేసి చూశాను. పూలదండ గాలిలో వేలాడింది. అయిదు కావస్తోంది.

"ఇలాగ కాదు సార్," అంది సాయిమా. "ఇది ఒకసారి రెండర్ చేసేసిన వీడియో, వండేసిన అన్నంలాంటిది. ఇందులో లేని గింజని మనం ఎక్కడినుంచి తెస్తాం? మొదట చేసిన ప్రాజెక్టు ఫైలు ఉంటే పావుగంట పని. ఫ్రేముని మూడింతలు పెద్దది చేసి, గింజ అంచుదాకా పోకుండా మధ్యలోనే ఆరిపోయేలాగ దాని ఆయుష్షు తగ్గించి, మళ్లీ రెండర్ తీస్తే, ఎంత చిన్నది చేసినా గీత రాదు." నావైపు తిరిగింది. "అక్కా, ప్రాజెక్టు ఎక్కడుంది?"

ఈ ప్రశ్న పదేళ్లలో ఎవరూ అడగలేదు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు మాత్రం పదేళ్లుగా సిద్ధంగా ఉంది.

"డిస్కు పోయింది. దాంతోపాటే పోయింది."

అబద్ధం. అది నా హేండ్‌బ్యాగులో, ఖాళీ కుంకుమ భరిణెలో ఉంది. పెన్‌డ్రైవు. ఇంట్లో పెడితే ఎవరైనా తీస్తారని, పారేస్తే ఎవరికైనా దొరుకుతుందని, పదేళ్లుగా మోస్తున్నాను. ఒక్కసారి కూడా తెరవలేదు.

ఎందుకంటే ఆ గింజలు నేను చేసినవి కావు.

ఇది ఇంతవరకూ ఏ వారమూ మీకు చెప్పలేదు. నా ఇరవై ఒకటో ఏట అనకాపల్లిలో ఒక మిక్సింగ్ సెంటర్లో పని నేర్చుకున్నాను. నా పక్క సిస్టం మీద మున్నా అనే అబ్బాయి ఉండేవాడు. మాట తక్కువ. నాలుగు నెలలు, భోజనం మానుకున్న మధ్యాహ్నాల్లో, ఆ గింజలు ఒక్కొక్కటే ఎలా ఎగరాలో, ఎలా తిరగాలో, ఎప్పుడు మెరవాలో కూర్చి చేశాడు. సెంటర్ సిస్టాల్లో వైరస్ తిరుగుతోందని ఒకరోజు పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర జాగ్రత్తగా ఉంచు దేవీ, నువ్వు పారెయ్యవు," అన్నాడు. నేను పారెయ్యలేదు.

వారం తిరక్కుండా చోడవరంలో ఫణి గారు మనిషి కావాలంటున్నారని తెలిసింది. వచ్చాను. చేసినవేమైనా చూపించమంటే ఆ గింజల వీడియో చూపించాను. "నువ్వే సేసేవా?" అన్నారు. తల ఊపాను. అంతే, ఒక్కసారి తల ఊపాను. తర్వాత ఫోను నంబరు మార్చాను.

అప్పుడు కూడా కారణం ఈ కుళ్లే. నేను నాలుగేళ్లు నేర్చినా అలాంటి గింజ ఒక్కటి చెయ్యలేనని నాకు తెలుసు. సాయిమాని చూస్తే ఇప్పుడు మండుతున్నట్టే అప్పుడూ మండింది.

"అయితే వొదిలెయ్యండి," అన్నారు ఫణి గారు గడియారం చూసి. "ఆ తలంబ్రాలు తీసెయ్యండి. సాయిమా, నీకొచ్చినట్టు కొత్తగా ఏదోటి సేసెయ్యమ్మా. సేస్తావా?"

"చేస్తాను సార్. కొంచెం సాదాగా ఉంటాది."

"ఉండనీ. చివర నీ పేరే ఏసెయ్యి. రేపణ్నించి పెద్ద సిస్టం మీద కూచో. దాని మీదైతే నీకు తొందరగా అవుతాది."

ఎంత మామూలుగా అన్నారో! గ్లాసులో ఇంకొంచెం మంచినీళ్లు పొయ్యమన్నట్టు. పదేళ్ల కుర్చీ.

ఇప్పుడు నాకు బుద్ధొచ్చింది, న్యాయం గుర్తొచ్చింది అని రాస్తే మీరు నన్ను మెచ్చుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఆ ఎల్ఈడీ మీద, అంత ఎత్తున, దాని పేరు పడుతుందన్న ఒక్క ఆలోచనకి నా చెయ్యి బ్యాగులోకి వెళ్లింది. మున్నా పేరు లోపల ఎక్కడైనా ఉంటే? ఉండనీ. అనకాపల్లిలో ఎంతమంది మున్నాలు లేరు. ఈ పిల్లకేం తెలుస్తుంది?

"ఆగండి," అన్నాను. "దీంట్లో కాపీ ఉన్నట్టుంది."

ఫణి గారి మొహం విప్పారింది. "మరి ముందే సెప్పవేటి దేవీ! కానీండి, కానీండి," అంటూ మండపానికి ఫోను చెయ్యడానికి కిందికి దిగారు.

పెద్ద సిస్టానికి పెన్‌డ్రైవు పెట్టి నేనే తెరిచాను. పాత ఫైలు, కొత్త వెర్షన్లోకి మార్చాలా అని అడిగింది. సరే అన్నాను. తెరుచుకుంది. ఒకదాని కింద ఒకటి ముప్పై పైగా లేయర్లు. ఏది గింజ, ఏది వెలుగు, ఏది గాలి, నాకేమీ తెలియదు. మౌసు అటూ ఇటూ తిప్పాను. నా పక్కన సాయిమా ఓపిగ్గా నిలబడింది. సొంతంగా చేసిన పనిలో దారి తెలియక తిరుగుతున్న మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. దానికి రాలేదు.

"పదేళ్లయిపోయింది కదక్కా, మర్చిపోతాం. నేను సూడనా?"

లేచి నా కుర్చీ దానికి ఇచ్చాను. నా చేతులతో నేనే ఇచ్చాను.

అది కూర్చుని ఒక్కసారి పైనుంచి కిందికి చూసింది. ఎడమవైపు, ఫైళ్ల జాబితాలో మొట్టమొదటి పేరు దగ్గర దాని చూపు ఆగింది. ఇంగ్లిషు అక్షరాల్లో ఉంది. నేనూ అప్పుడే చదివాను.

'సాయిమా బర్త్‌డే.'

లేయర్లలో అట్టడుగున ఒకటి కనపడకుండా ఆపేసి ఉంది. దాని కన్ను గుర్తు మీద నొక్కింది. ఒక ఫొటో తెరుచుకుంది. పన్నెండేళ్ల పిల్ల, నెత్తి మీద కాగితం కిరీటం, వెనక మగ్గం. దోసిలి నిండా బంగారు చమ్కీలు పట్టుకుని పైకి ఎగరెయ్యబోతోంది. ఆ చమ్కీలు ఎక్కడ ఉన్నాయో సరిగ్గా అక్కడినుంచే గింజలు లేచాయి.

మధ్యలో చిల్లు ఎందుకుందో నాకు ఇప్పుడు తెలిసింది.

సాయిమా ఫొటోని మళ్లీ ఆపేసింది. ఫ్రేముని మూడింతలు చేసింది. గింజ ఆయుష్షు నాలుగు సెకన్ల నుంచి రెండుకి తగ్గించింది. ఒకసారి వేసి చూసింది. గింజలు లేచాయి, తిరిగాయి, మెరిశాయి, అంచు ఇంకా చాలా దూరం ఉండగానే ఒక్కొక్కటే ఆరిపోయాయి. తగ్గించి శ్రీరంజని దోసిలి మీద పెట్టింది. ఎక్కడా గీత లేదు. రెండర్ నొక్కింది. పన్నెండు నిమిషాలు అని చూపించింది.

అప్పుడు నావైపు తిరిగింది.

"మా అన్న మీకెలా తెలుసక్కా?"

"ఏ అన్న?" అన్నాను. చూడండి, అప్పటికి కూడా.

"మున్నా."

ఫ్యాను ఇంకా గోడవైపే బిగించి ఉంది. ఎవరూ లేని కుర్చీకి గాలి కొడుతోంది.

"ఆ వీడియో నాకు ఇస్తానన్నాడు," అంది సాయిమా. "పుట్టినరోజుకి అవ్వలేదు. తర్వాత సెంటర్లో వైరస్ వచ్చి అన్నీ పోయేయి. పెన్‌డ్రైవు ఒకళ్ల దగ్గర దాచేను, ఆళ్లు ఊరెళ్లిపోయేరు, ఫోను కలవట్లేదు అనేవోడు. ఆళ్ల పేరు ఎప్పుడూ సెప్పలేదు. ఆ గింజల వీడియో ఒక్కటి సీడీలో మిగిలితే, పట్టుకుని వైజాగులో ఉద్యోగానికెళ్లేడు. ఇది చోడవరంలో దేవిశ్రీ అనే ఆవిడది, కాపీ కొట్టేవు, పో అన్నారు. నాదే అన్నాడు. అయితే ప్రాజెక్టు సూపించు అన్నారు."

పక్కన రెండర్ గీత మెల్లగా జరుగుతోంది.

"ఆ తర్వాత కంప్యూటర్ ముట్టలేదు. ఇప్పుడు బెల్లం లారీలకి లోడింగ్ రాస్తన్నాడు. నేను మిక్సింగ్ నేర్చుకుంటానంటే వొద్దన్నాడు. చోడవరం దేవిశ్రీ గారి దగ్గర నేర్చుకుంటానని నేనే పట్టుబట్టేను." మౌసు పక్కకి నెట్టేసింది. "అంత బాగా చేసిన మనిషి కాపీ కొట్టదు, మా అన్నే ఎక్కడో పొరపాటు పడ్డాడు అనుకున్నానక్కా. మా అన్ననే అనుమానించేను."

నేను నోరు తెరిచాను. ఏం వచ్చిందో తెలుసా? పొద్దున చెప్పాల్సిన మాట.

"ఆ గీత పొద్దున్నే సూసేను సాయిమా. నీకు సెప్పలేదు."

"తెలుసు. మీరెళ్లిపోయేక నాకూ అనుమానం వచ్చింది. నా మానిటర్ మీద కనపళ్లేదు. మీరు సూసేరు కదా, ఏదైనా ఉంటే సెప్తారనుకున్నాను."

కొడితే బాగుండేది.

ఎన్నో రకాలుగా ఏడవొచ్చు. ఆ పూట నాకు ఏడుపు రాలేదు. ఇంత జరుగుతున్నా నాకు కుళ్లే వచ్చింది. నాకోసం నాలుగు నెలలు అన్నం మానుకుని చమ్కీలు ఎగరేసినవాళ్లు ఎవరూ లేరు. ఈ పిల్లకి ఉన్నారు. అది తీసుకెళ్లి నా పేరు పెట్టుకున్నాను. దాని పుట్టినరోజు కానుకని నూర్లమంది పెళ్లిళ్లలో వేసి జీతం తిన్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఫణి గారు తలుపులోంచి తల పెట్టారు.

"అయ్యిందా?"

"అయిపోయింది సార్," అంది సాయిమా, తెరవైపు తిరిగి. మామూలు గొంతే.

"అమ్మయ్య. మేడం ఫోను మీద ఫోను. చివర పేరు సంగతేటి? దేవిదే ఉంచేస్తన్నారా? దేవి ఫైలే కదా బతికించింది. పెద్ద సిస్టం సంగతి నేనన్నది మర్చిపో దేవీ. కోపంలో ఏదో అన్నాను." నవ్వారు. "తొందరగా తెండి. నేను బండి తీస్తాను."

ఆయన దిగిపోయారు. నా కుర్చీ నాకు వచ్చేసింది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన విద్య.

సాయిమా సినిమా చివరి ముక్క తెరిచింది. నల్లటి తెర మీద 'తలంబ్రాల గ్రాఫిక్స్' అని ఉంది. పక్కన నా పేరు చెరిపేసింది. ఖాళీలో కర్సరు కొట్టుకుంటోంది. కీబోర్డు ఎత్తి నా ముందు పెట్టింది.

"నేను సెప్పనక్కా. ఫణి సారుకీ సెప్పను, అన్నకీ సెప్పను. ఏడింటికి అన్న ఆ తెర ముందు నిలబడి ఉంటాడు. ఏ పేరు సూడాలో మీరే కొట్టండి."

'డి' ఎక్కడుందో నా వేలికి తెలుసు. పదేళ్లుగా చూడకుండా నొక్కుతున్నాను. 'ఎమ్' కోసం మాత్రం కీబోర్డు వైపు చూడాల్సి వచ్చింది.

అప్పుడే కింద ఒక బండి ఆగింది. ఫణి గారి గొంతు, ఎవరినో పలకరిస్తూ: "సాయిమా అన్నవా బాబూ? మండపం ఇక్కడ కాదు. పర్లేదులే, పైనే ఉన్నారు, ఎక్కు."

ఒక్కొక్క మెట్టూ ఆగి ఎక్కుతున్నారు ఎవరో.

నా వేలు 'ఎమ్' మీద ఉంది. ఇంకా నొక్కలేదు.